చిన్న మంచినీటి జెల్ల చేపలు: కొత్త జాతిని కనుగొనడం, వర్ణించడం

సైలూరిఫార్మిస్ అనే క్రమంలోని చేపలను తెలుగు నేల మీద స్థూలంగా జెల్లలంటారు. చెరువుల్లో దొరికే మార్పు, ఇంగిలాయి, నదుల్లో మీటరు దాటి పెరిగే వాలుగ, పిల్ల కాలువల్లో వేలెడంత ఉండే చారల జెల్ల అన్నీ ఈ క్రమంలోవే. వీటికి పొలుసులు ఉండవు. నోటి చుట్టూ మీసాలుంటాయి. చాలావాటికి వీపు రెక్క ముందూ రొమ్ము రెక్కల ముందూ గట్టి ముల్లు ఉంటుంది. 2007లో కార్ల్ ఫెరారిస్ ప్రచురించిన ప్రపంచ పట్టికలో జెల్లలు 36 కుటుంబాలు, 478 ప్రజాతులు, 3,093 జాతులుగా లెక్కకు వచ్చాయి. ఆ తర్వాత జాతుల సంఖ్య 4,000 దాటింది. ఇప్పుడు శాస్త్రానికి తెలిసిన ప్రతి తొమ్మిది పది చేప జాతుల్లో ఒకటి జెల్ల జాతి. కొత్తగా చేరుతున్నవాటిలో చాలావరకు చిన్న చేపలే: అరచేతిలో నాలుగైదు పట్టేవి, కూరకు పనికిరావని జాలరి వల దులిపేసేటప్పుడు వదిలేసేవి.

కొత్త జాతి అనగానే ఎవరో అడవిలోకి వెళ్లి ఎవరూ చూడని చేపను పట్టుకొచ్చారని అనుకుంటాం. అలా జరగడం అరుదు. ఆ చేపను ఊరివాళ్లు తరాలుగా చూస్తూనే ఉంటారు. ఒక్కోసారి అది మ్యూజియం సీసాలో వేరే పేరుతో దశాబ్దాలుగా నిలవ ఉంటుంది. 2012లో ఫోంటేన్, పెరార్డ్, బూషే అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు అన్ని రకాల జీవుల మీద లెక్క తీస్తే, నమూనా చేతికి వచ్చిన నాటి నుంచి దానికి శాస్త్రీయ నామం దక్కే నాటికి సగటున 21 ఏళ్లు పడుతున్నట్టు తేలింది. చేప దొరకడం ఒక ఎత్తు, అది ఇంతకుముందు పేరుపెట్టిన ఏ చేపా కాదని చూపించడం మరో ఎత్తు. కష్టమంతా రెండోదానిలోనే ఉంది, విలువ కూడా అక్కడే ఉంది.

చిన్నవి ఎందుకు మిగిలిపోయాయి

మొదటి కారణం బతికే చోటు. చిన్న జెల్లలు ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి. పగలు రాళ్ల కింద, వేళ్ల సందుల్లో, ఆకు చెత్తలో దాక్కుంటాయి. కొండవాగుల్లో బతికే గ్లిప్టోథొరాక్స్, సూడోలగూవియా ప్రజాతుల చేపలకు రొమ్ము కింద చర్మం ముడతలు పడి ఒక అంటుకునే పలకలా మారింది. ఆ పలకతో అవి ఉరవడిలో కూడా రాతిని పట్టుకుని నిలబడతాయి. విసురు వల అలాంటి చోట పనిచేయదు. దిగువన చేతి వల ఆనించి, ఎగువన కాళ్లతో రాళ్లు కదిలించి, కొట్టుకొచ్చిన చెత్తలో వెతకాలి.

రెండోది, పొలుసులు లేకపోవడం. బొచ్చె, గండుమీను, పరిగ లాంటి చేపలను వేరుచేయడానికి పక్కగీత మీద ఎన్ని పొలుసులున్నాయో లెక్కపెట్టడం శాస్త్రజ్ఞులకు పాత అలవాటు. జెల్లకు ఆ లెక్కే లేదు. మీసం పొడవు, ముల్లుకు ఉన్న రంపపు పళ్లు, పుర్రె ఎముకల మధ్య ఖాళీ, వెన్నుపూసల సంఖ్య లాంటివాటి మీద ఆధారపడాలి. ఇవన్నీ 3 సెంటీమీటర్ల చేపలో చూడాలంటే సూక్ష్మదర్శినీ ఎక్స్‌రే కావాలి.

మూడో కారణం ఇంకా చిక్కు. చిన్న జెల్ల కనబడితే, అది పెరిగిన చేపేనా, పెద్ద జాతి పిల్లా అన్న సందేహం తప్పదు. పిల్ల చేపలకు ఒంటితో పోలిస్తే కన్ను పెద్దది, మీసం పొడవు. అందుకే పొట్ట కోసి బీజకోశాలు చూస్తారు. గుడ్లు పండి ఉంటే ఆ చేప పెరిగినదే. దక్షిణ అమెరికా స్కోలోప్లాక్స్ ప్రజాతి చేపలు 2 సెంటీమీటర్లకు మించి పెరగవు. వాటిని 1976లో వర్ణించారు. అంత చిన్న చేపలకు ఈ పరీక్ష ఇప్పటికీ అవసరమే.

కేరళ బావుల్లో ఎర్ర చేపలు

చిన్న జెల్లల అన్వేషణలో భారతదేశం నుంచి చెప్పుకోదగ్గ ఉదాహరణ కేరళలోని హోరాగ్లానిస్. పశ్చిమ కనుమలకూ సముద్రానికీ మధ్య కేరళలో చాలా భాగం లేటరైట్ నేల. ఎర్రగా, రంధ్రాలతో, తడిగా ఉన్నప్పుడు కోయడానికి వీలై ఎండితే గట్టిపడే రాయి అది. దాని సందుల్లో నీరు నిలుస్తుంది. ఆ నీటి కోసమే చాలా ఇళ్ల పెరళ్లలో బావి తవ్వుకుంటారు. ఆ చీకటి నీటి పొరల్లోనే ఈ చేపలు బతుకుతాయి. బావి వాటి అసలు ఇల్లు కాదు, మనకు కనబడే కిటికీ మాత్రమే.

కొట్టాయం బావుల్లో దొరికిన చేపను 1950లో ఏ.జి.కె. మీనన్ వర్ణించారు. కళ్లు బొత్తిగా లేవు. చర్మంలో రంగు లేదు కాబట్టి లోపలి రక్తం కనబడి ఒళ్లంతా ఎర్రగా ఉంటుంది. పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. రొమ్ము రెక్కలు కుంచించుకుపోయాయి. వీపు రెక్కా అడుగు రెక్కా పొడుగ్గా సాగి ఉన్నాయి. ఈ చివరి లక్షణాన్ని బట్టి ఇది మన మార్పు చేప కుటుంబమైన క్లారిడేకు చెందినదని మీనన్ గుర్తించారు. భారత జంతు సర్వేక్షణ సంస్థకు నాయకత్వం వహించిన మత్స్యశాస్త్రజ్ఞుడు సుందర్ లాల్ హోరా పేరు మీద కొత్త ప్రజాతి పెట్టి, చేపను హోరాగ్లానిస్ కృష్ణై అన్నారు.

తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా ఈ ప్రజాతిలో అదొక్కటే. 2004లో త్రిస్సూర్ జిల్లా నుంచి హోరాగ్లానిస్ అలికున్హీ, 2012లో అదే జిల్లాలోని ఇరింజాలకుడ నుంచి హోరాగ్లానిస్ అబ్దుల్‌కలామీ వచ్చాయి. మొదటిది మత్స్యశాస్త్రజ్ఞుడు కె.హెచ్. అలికున్హి పేరు మీద, రెండోది మాజీ రాష్ట్రపతి పేరు మీద పెట్టినవి. నాలుగోది, 2023లో ప్రచురితమైన హోరాగ్లానిస్ పాపులి, కథను మార్చేసింది.

కొచ్చిలోని కేరళ మత్స్య, సముద్ర అధ్యయన విశ్వవిద్యాలయానికి చెందిన రాజీవ్ రాఘవన్, రమ్య ఎల్. సుందర్, సి.పి. అర్జున్, వారితో పాటు రాల్ఫ్ బ్రిట్జ్, నీలేశ్ దహానుకర్ కలిసి చేసిన ఈ పని ఆరేళ్లు సాగింది. భూగర్భ చేపను వెతకడానికి వలలు పెద్దగా పనికిరావు. నీళ్లు తోడే మోటారు ద్వారానో, బావి పూడిక తీసేటప్పుడో, కుళాయి నుంచి బకెట్లోకో అది తనంతట తాను బయటికి రావాలి. శాస్త్రజ్ఞుడు ప్రతి పెరట్లో కూర్చోలేడు కదా. అందుకే వాళ్లు ఊళ్లవాళ్లకు చేప ఎలా ఉంటుందో చెప్పి, కనబడితే కబురు చేయమన్నారు. అలా 47 కొత్త చోట్ల నుంచి సమాచారం వచ్చింది. 65 కొత్త జన్యు క్రమాలు సమకూరాయి. ఈ సాయానికి కృతజ్ఞతగా చేపకు ప్రజల పేరే పెట్టారు. లాటిన్‌లో పాపులుస్ అంటే జనం. శాస్త్రనామాల్లో దాతలకూ అధికారులకూ గురువులకూ చోటు దొరకడం మామూలే. నీళ్లు తోడుకునే ఇల్లాళ్లకూ బావి దిగే కూలీలకూ దక్కిన ఈ గౌరవం మాత్రం అపురూపం, న్యాయమైనది కూడా.

శాస్త్రపరంగా ఆ పరిశోధనలో బయటపడిన విషయం మరొకటి ఉంది. ఈ చేపల మధ్య జన్యుపరమైన దూరం చాలా ఎక్కువ. అంటే అవి విడిపోయి సుదీర్ఘ కాలమైంది. పై రూపంలో మాత్రం దాదాపు తేడా లేదు. చీకటిలో, మారని పరిస్థితుల్లో, మారవలసిన అవసరం లేక ఆకారం నిలిచిపోయింది. కాబట్టి కొలతల మీదే ఆధారపడే వర్ణన ఇక్కడ చాలదు. జాతిని వేరుచేసే భారం డీఎన్‌ఏ మీద పడింది.

ఆ బావుల్లోనే మరో వింత చేప కూడా ఉంది. త్రిస్సూర్ జిల్లా నుంచి 2011లో విన్సెంట్, థామస్ వర్ణించిన క్రిప్టోగ్లానిస్ షాజీకి వీపు రెక్క లేదు. కళ్లు చర్మం కింద ఉండిపోయాయి. కింది దవడ ముందుకు పొడుచుకు వచ్చింది. అడుగు రెక్క తోక రెక్కతో కలిసిపోయింది. దాని ఎముకల కూర్పు తెలిసిన ఏ జెల్ల కుటుంబంలోనూ ఇమడకపోవడంతో 2014లో బ్రిట్జ్, కక్కస్సేరి, రాఘవన్ దానికోసం క్రిప్టోగ్లానిడే అనే కొత్త కుటుంబాన్నే ఏర్పరచారు. కొత్త జాతి అప్పుడప్పుడూ వస్తుంది, వెన్నెముక ఉన్న జంతువుల్లో కొత్త కుటుంబం రావడం మాత్రం బహు అరుదు. అదే ఏడాది అమెరికాలో జాన్ లండ్‌బర్గ్ బృందం సన్నని ఎక్స్‌రే పొరలతో అదే చేప అస్థిపంజరాన్ని విడిగా పరిశీలించింది. ఇప్పటికీ జెల్లల వంశవృక్షంలో దాని కొమ్మ ఎక్కడిదన్న వాదన తీరలేదు.

ఇలాంటివి కేరళకే పరిమితం కావు. అమెజాన్ ముఖద్వారం ప్రాంతంలో తొట్టి నీటిలో దొరికిన ఎర్రటి చిన్న జెల్లను 1905లో గోల్డి వర్ణించి ఫ్రియాటోబియస్ సిస్టర్నారుం అని పేరుపెట్టాడు. ఆ ప్రజాతిలో 2007లో బ్రెజిల్ రొండోనియా బావుల నుంచి ఒకటి, బొలీవియా నుంచి మరొకటి చేరాయి. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో కింద 300 మీటర్లకు మించిన లోతు నుంచి నీరు పైకి చిమ్మే గొట్టపు బావుల్లో ట్రోగ్లోగ్లానిస్, సేటన్ అనే రెండు గుడ్డి జెల్లలు బయటపడ్డాయి. మూడు చోట్లా కథ ఒకటే: నీటి కోసం నేల తవ్వారు, చేప పైకి వచ్చింది.

నీటి నుంచి సీసా దాకా

కొత్తదేమో అనిపించిన చేప చేతికి వచ్చిన మొదటి గంటే అన్నిటికన్నా ముఖ్యం. బతికి ఉండగానే, నీటిలో ఉండగానే పక్క నుంచి ఫొటో తీయాలి. ఆల్కహాల్‌లో వేసిన కొన్నాళ్లకే ఎరుపు, పసుపు రంగులు కరిగిపోతాయి. నల్ల మచ్చలే మిగులుతాయి. హోరాగ్లానిస్ లాంటి ఎర్ర చేప సీసాలో తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. ముళ్లతో జాగ్రత్త అవసరం. జెల్లల్లో కనీసం 1,250 జాతులకు ముళ్లలో విషం ఉండవచ్చని 2009లో జెరెమీ రైట్ అంచనా వేశాడు. ఇంగిలాయి పొడిచినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాత కుడివైపు నుంచి చిన్న రెక్క ముక్కో కండ ముక్కో కత్తిరించి గాఢమైన ఆల్కహాల్‌లో వేస్తారు. కుడివైపే ఎందుకంటే కొలతలన్నీ ఎడమవైపు తీయడం ఆనవాయితీ. ఈ ముక్క తీయకుండా చేపను ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడైపోతుంది. అలాగని ఫార్మలిన్ మానేస్తే ఒళ్లు మెత్తబడి ముడుచుకుపోతుంది, ఆకారం నిలవదు. అందుకే ముక్క తీసిన తర్వాత 10 శాతం ఫార్మలిన్‌లో రెక్కలు విచ్చుకునేలా సరిచేసి గట్టిపరచి, నీటితో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మారుస్తారు. చోటు, తేదీ, పట్టినవాళ్ల పేరు పెన్సిల్‌తో రాసిన చీటీ సీసా లోపలే ఉండాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో చెరిగిపోతుంది. పాత మ్యూజియంలలో చీటీ లేని సీసాలెన్నో ఉన్నాయి. వాటిలోని చేపలు ఏ నదివో తెలియక శాస్త్రానికి సగం ఉపయోగమే మిగిలింది.

కొలవడం, లెక్కపెట్టడం

వర్ణనకు ప్రాణం కొలతలు. డిజిటల్ కాలిపర్‌తో మిల్లీమీటరులో పదో వంతు దాకా తీస్తారు. ముక్కు కొస నుంచి తోక రెక్క మొదట్లో ఉండే ఎముక పలక చివరి దాకా ఉన్న దూరాన్ని ప్రామాణిక పొడవు అంటారు. తోక రెక్క విరిగే గుణం ఉన్నది కాబట్టి దాన్ని కలపరు. తల పొడవు, ఒంటి లోతు, కన్ను వ్యాసం, కళ్ల మధ్య దూరం, వీపు రెక్క ముందరి దూరం, తోక మొదలు సన్నదనం ఇలా ముప్ఫై దాకా కొలతలు తీసి, వాటిని ప్రామాణిక పొడవులో ఎంత శాతమో లెక్కకడతారు. చిన్న చేపనూ పెద్ద చేపనూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి శాతాలే దారి. ఒకే జాతిలో ఒడ్డూ పొడుగూ ఎంత మారతాయో తెలియాలంటే ఒక్క చేప చాలదు, పది ఇరవై అయినా ఉండాలి. బావి చేపల విషయంలో అన్ని దొరకడమే గగనం.

ఏ లక్షణం పనికొస్తుందన్నది ప్రజాతిని బట్టి మారుతుంది. మన కాలువల్లో ఉండే మిస్టస్ ప్రజాతి జెల్లల్లో పై దవడ మీసం ఎంత వెనక్కి సాగుతుంది, వీపు మీద రెండోదిగా ఉండే కొవ్వు రెక్క ఎంత పొడుగు, అది వీపు రెక్కను తాకుతుందా లేదా, మొప్ప మూత వెనకాల మచ్చ ఉందా, నడినెత్తిన పుర్రె సందు ఎక్కడిదాకా ఉంది అన్నవి కీలకం. గ్లిప్టోథొరాక్స్‌లో రొమ్ము కింది పలక ఆకారమే సగం కథ చెబుతుంది. దాని మధ్య గుంట ఉందా, ముడతలు ఎటు తిరిగాయి, వెనక అంచు తెరిచి ఉందా అని చూస్తారు. సూడోలగూవియాలో ఒంటి మీది పట్టీలు, రొమ్ము ముల్లు రంపపు పళ్లు, వెన్నుపూసల లెక్క ఆధారం. వెన్నుపూసలు లెక్కపెట్టేటప్పుడు ముందరి అయిదింటితో జాగ్రత్త. జెల్లల్లో అవి ఒకదానితో ఒకటి అతుక్కుని, గాలితిత్తిలోని కదలికను లోపలి చెవికి చేరవేసే చిన్న ఎముకల అమరికకు ఆసరాగా మారాయి. వాటిని అయిదుగా లెక్కించారో లేదో వ్యాసంలో చెప్పకపోతే పక్కవాళ్ల లెక్కతో పొంతన కుదరదు.

ఎముకలు చూడడానికి ఎక్స్‌రే ఒక మార్గం. మరో మార్గం చేపను పారదర్శకం చేయడం. టేలర్, వాన్ డైక్ 1985లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆల్సియన్ బ్లూ అనే రంగు మృదులాస్థికి పట్టి నీలం చేస్తుంది. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కండలోని ప్రోటీన్‌ను కరిగించి ఒంటిని గాజులా చేస్తుంది. అలిజరిన్ రెడ్ ఎముకకు పట్టి ఎరుపు చేస్తుంది. చివరికి గ్లిజరిన్‌లో తేలే ఆ చేపలో ప్రతి ఎముకా దాని చోటులోనే, దాని రంగులో కనిపిస్తుంది. జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఇంత అందమైన వస్తువు మరొకటి ఉండదని నా అభిప్రాయం. క్రిప్టోగ్లానిస్ లాంటి చేపలు కొత్త కుటుంబానికి చెందినవని తేలింది ఎముకల పరిశీలనతోనే.

డీఎన్‌ఏ విషయానికి వస్తే, మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను చదివి, ఇప్పటికే తెలిసిన జాతుల ముక్కలతో పోలుస్తారు. చేపల్లో రెండు శాతం తేడా దాటితే వేరే జాతి కావచ్చని ఒక స్థూలమైన అంచనా ఉంది. దాన్ని నియమంగా పట్టుకోవడం మంచిది కాదు. కొత్తగా విడిపోయిన జాతుల మధ్య అంత తేడా ఉండకపోవచ్చు. ఒకే జాతి రెండు నదుల్లో విడిగా బతికితే అంతకు మించిన తేడా రావచ్చు. రూపం, ఎముక, జన్యువు, ఉనికి అన్నీ ఒకే వైపు చూపినప్పుడే వర్ణన గట్టిగా నిలుస్తుంది. హోరాగ్లానిస్‌లా రూపం సాయపడనప్పుడు మిగతా సాక్ష్యం అంత బలంగా ఉండాలి.

పాత పుస్తకాలు, పాత సీసాలు

కొత్తదని చెప్పడానికి ముందు పాతవన్నీ చూడాలి. జంతు నామకరణానికి ప్రారంభం 1758లో లిన్నేయస్ ప్రచురించిన పుస్తకం పదో ముద్రణ. అప్పటి నుంచి ఎవరు ఏ పేరు పెట్టినా అది లెక్కలోకి వస్తుంది. ఒకే చేపకు రెండు పేర్లుంటే ముందు పెట్టిందే చెల్లుతుంది.

భారతదేశపు మంచినీటి చేపల పేర్లలో పెద్ద భాగం ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగా నది చేపల మీద రాసిన గ్రంథం నుంచి వచ్చింది. మహా పరిశ్రమ చేసిన మనిషి, కానీ నమూనాలను భద్రపరచలేదు. అతడు వర్ణించిన చిన్న జెల్లల్లో కొన్నింటి విషయంలో నాలుగు వాక్యాలూ బొమ్మలే ఆధారం. ఇప్పుడు గంగా పరీవాహకంలో చిన్న జెల్ల దొరికితే, అది హామిల్టన్ చూసినదా కాదా అని తేల్చడానికి అతడు చెప్పిన నదికే వెళ్లి కొత్త నమూనాలు పట్టాల్సి వస్తుంది. భారతదేశపు చేపల మీద 1875–1878 మధ్య బృహద్గ్రంథం తెచ్చిన ఫ్రాన్సిస్ డే నమూనాలైతే ఉన్నాయి, కానీ అవి కోల్‌కతా, లండన్, సిడ్నీ సహా పలు ఖండాల్లో చెల్లాచెదురయ్యాయి.

తెలుగు తీరానికీ ఈ చరిత్రలో చోటుంది. విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అక్కడి 200 చేపల వర్ణనలూ బొమ్మలూ 1803లో ప్రచురించాడు. స్థానికులు చెప్పిన పేర్లనే రాసుకున్నాడు. అలా వాలుగ అనే మాట తర్వాత వల్లాగో అనే ప్రజాతి పేరుగా శాస్త్రంలోకి వెళ్లింది. సముద్రపు జెల్ల ఒకదానికి 1877లో డే పెట్టిన అరియస్ జెల్లా అన్న పేరూ అలాంటిదే.

పేరు, నమూనా, ప్రచురణ

అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగో ముద్రణ 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కొత్త జాతికి ప్రాతినిధ్య నమూనాను కచ్చితంగా నిర్దేశించాలి. మామూలుగా అది ఒకే చేప; దాన్ని హోలోటైప్ అంటారు. అది ఏ సంస్థలో భద్రంగా ఉందో వ్యాసంలో చెప్పాలి; దాని సంఖ్య కూడా ఇవ్వడం ఆనవాయితీ. మిగతా నమూనాలు పారాటైపులు. నూరేళ్ల తర్వాత ఎవరికైనా సందేహం వస్తే వ్యాసం కాదు, ఆ ఒక్క చేపే తుది సాక్షి. మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ మరో బాధ్యత పెట్టింది. కొత్త జాతిని కనుగొన్నవారు ఆ సంగతి ప్రభుత్వం గుర్తించిన నిక్షేపాగారానికి తెలిపి, నమూనాలు అక్కడ జమచేయాలి. జంతువులకు భారత జంతు సర్వేక్షణ సంస్థ అలాంటి నిక్షేపాగారం.

వ్యాసానికి ఒక స్థిరమైన రూపం ఉంది. దగ్గరి జాతులన్నిటి నుంచి ఇది ఏయే లక్షణాలతో వేరో చెప్పే భాగం అన్నిటికన్నా ముఖ్యమైనది. 1930 తర్వాత పెట్టిన పేర్లకు ఇది లేకపోతే పేరే చెల్లదు. ఆ తర్వాత పూర్తి వర్ణన, కొలతల పట్టిక, బతికినప్పటి రంగు, సీసాలోని రంగు, నివాసం, పేరు ఎలా వచ్చిందో వివరం, పోల్చి చూసిన నమూనాల జాబితా. ఈ చివరి జాబితా పొడవును చూసే అనుభవజ్ఞులు వ్యాసం విలువ తూకం వేస్తారు. ఎన్ని పాత నమూనాలు చేత్తో పట్టి చూశారన్నది అక్కడ తెలుస్తుంది. 2012 నుంచి ఎలక్ట్రానిక్ పత్రికల్లో వచ్చిన వర్ణనలు కూడా చెల్లుతున్నాయి, కాకపోతే జూబ్యాంక్ అనే అధికారిక పట్టికలో ముందే నమోదై ఉండాలి.

ప్రచురణతో తగువు తీరిపోదు. నాగార్జునసాగర్ జలాశయంలోని పెద్ద జెల్లకు 1988లో రామకృష్ణయ్య మిస్టస్ కృష్ణెన్సిస్ అని కృష్ణా నది పేరు పెట్టారు. ఆ చేపనే 1964లో రోసెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వర్ణించాడని తర్వాత తేలింది. ఇప్పుడు దాన్ని హెమిబాగ్రస్ మేడెల్లి అంటారు, కృష్ణెన్సిస్ పర్యాయపదంగా మిగిలింది. పేరు పోయినంత మాత్రాన ఆ పని వృథా కాలేదు. ఆ జలాశయంలో ఆ చేప ఉందన్నదానికి రామకృష్ణయ్య వర్ణన ఇప్పటికీ ఆధారమే.

పేరు వచ్చాక

అక్వేరియం వ్యాపారంలో పేరు లేని జెల్లలు ఏళ్ల తరబడి తిరుగుతాయి. జర్మన్ పత్రిక డాట్జ్ 1988లో దక్షిణ అమెరికా కవచపు జెల్లలకు ఎల్ అక్షరంతో సంఖ్యలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎల్ 46 అన్న సంఖ్యతో అమ్ముడైన నలుపు తెలుపు చారల చిన్న జెల్లకు 1991లో హైపాన్సిస్ట్రస్ జీబ్రా అన్న పేరు దక్కింది. అది బ్రెజిల్‌లోని షింగూ నదిలో ఒక వంపు దగ్గర మాత్రమే ఉంటుంది. అక్కడే బెలో మోంటే ఆనకట్ట వచ్చింది. బ్రెజిల్ కోరికపై 2022లో అంతర్జాతీయ వన్యజీవి వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో ఆ చేపను చేర్చారు. ఇది సంఖ్యతో సాధ్యమయ్యే పని కాదు. ప్రమాద స్థాయిని అంచనా వేసే ఎర్ర జాబితా అయినా, రక్షించే చట్టమైనా, ఆనకట్టకు ముందు చేసే పర్యావరణ నివేదిక అయినా శాస్త్రనామమున్న జాతినే లెక్కలోకి తీసుకుంటాయి.

బావి చేపలకు మరో సమస్య ఉంది. అవి ఏ అభయారణ్యంలోనూ లేవు. జనం ఇళ్ల పెరళ్ల కింద ఉన్నాయి. లేటరైట్ రాయి తవ్వకం, బోర్లతో నీటి మట్టం పడిపోవడం, బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ అన్నీ వాటికి ముప్పే. తాగునీటిని శుభ్రంగా ఉంచుకోవడం ఇంటివాళ్ల అవసరం కనుక బ్లీచింగ్ వద్దనలేము. ఏ బావిలో చేపలున్నాయో తెలిస్తే కనీసం మోతాదు గురించి మాట్లాడవచ్చు.

తెలుగు రాష్ట్రాల భూగర్భ జలాల్లో కూడా జీవం ఉందని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, ఆయన సహచరులు చూపించారు. బావుల్లో, బోర్లలో, గుహల్లో, నదుల ఇసుక కింద బతికే కళ్లులేని చిన్న క్రస్టేషియన్ జాతులను వాళ్లు వర్ణించారు. వాటిలో ఒక ప్రజాతి పేరే ఆంధ్రాకాయిడిస్. వాగుల రాళ్ల కింద ఉండే చిన్న జెల్లలను కూడా తూర్పు కనుమల్లో ఇంకా ఓపికగా వెతకాలి, ఇసుక తవ్వకాలూ జలాశయాలూ రాళ్లున్న ఉరవళ్లను ముంచకముందే.

బావిలోనో బోరు నీటిలోనో రంగులేని, కళ్లులేని చేప కనబడితే చేయవలసిన పని పెద్దదేమీ కాదు. బకెట్లో అదే నీటిలో ఉంచి, పక్కన స్కేలు పెట్టి పక్క నుంచీ పై నుంచీ ఫొటోలు తీయాలి. ఊరు, తేదీ, బావి లోతు, నీటి మట్టం రాసిపెట్టాలి. హైదరాబాద్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థకు మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది, దగ్గరి విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగమైనా సరే, అక్కడికి కబురు చేయాలి. చేప చచ్చిపోతే ఫార్మలిన్‌లో కాకుండా గాఢమైన ఆల్కహాల్‌లో వేసి ఉంచితే డీఎన్‌ఏ నిలుస్తుంది. పెన్సిల్ చీటీ సీసా లోపల వేయడం మరవకూడదు.